కవరు లేని బిస్కెట్టు

“ఒకేల ఆ బిస్కెట్లలో జీడిపప్పుంటే ఏటి సేత్తాం బావా?”

కుసుమకుమారి ఈ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. టెంటు కర్రలైనా పూర్తిగా నిలబడలేదు. అర్జునరావు తాడు కొస పళ్లతో కరుచుకుని కర్రకి ముడి బిగిస్తున్నాడు. తాడు నోట్లోంచి తీసి, “ఏ బిస్కెట్లలో?” అన్నాడు.

“ఏవైతే ఏటి! ఈయేళ దారంతా ఎవులో ఒకలు ఏటో ఒకటి పెడతానే ఉంటారు కదా. మన గుంట తినీసిందనుకో?”

“టెంటు లెగకముందే గాలివానకి కూలిపోయిందంటావు నువ్వు. ముందా కర్ర పట్టుకో.”

కుసుమ కర్ర పట్టుకుంది. భయం మాత్రం వదల్లేదు.

ఆ రోజు ఆషాఢ పౌర్ణమి. అప్పన్న స్వామి కొలువున్న సింహాచలం కొండ చుట్టూ జనం గిరి ప్రదక్షిణ చేసే రోజు. రథం కదిలేది మధ్యాహ్నం దాటాకే అయినా, మొక్కున్నవాళ్లు తెల్లారకముందే కొండ కింద తొలిపావంచా మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలెట్టేస్తారు. చెప్పుల్లేని కాళ్లు రోడ్డు నిండా ఏరులా పారుతూనే ఉంటాయి. స్టీల్‌ప్లాంటులో అర్జునరావుతో పనిచేసే కాంట్రాక్టు గ్యాంగు వాళ్లు తలో చెయ్యీ వేసి, ఏటేటా మాధవధార దగ్గర టెంటు వేస్తారు. నడిచేవాళ్లకి మజ్జిగ, బిస్కెట్లు పంచుతారు.

కుసుమకి భయాలు కొత్త కాదు. మొగుడు షిఫ్టు దిగి పావుగంట ఆలస్యమైతే ప్లాంటులో ఏదో పేలిందంటుంది. పిల్ల రెండుసార్లు తుమ్మితే ఊపిరితిత్తుల దాకా వెళ్లిపోతుంది. ఫోనులో వచ్చే వీడియోలన్నీ ఆమె కోసమే తీసినట్టుంటాయి. మైదా పేగులకి అతుక్కుపోతుందని ఒకడు, బిస్కెట్లలో పోసే పామాయిలు గుండెకి చేటని ఇంకొకడు, రంగులు తింటే పిల్లల బుర్ర పాడవుతుందని మరొకడు. వాటిలో ఎంత నిజమో ఆమెకి తెలీదు. తెలీదు కాబట్టే అన్నిటికీ భయపడేది.

ఈ జీడిపప్పు భయం మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు. కూతురు మధులత నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒక పెళ్లిలో ఎవరో జీడిపప్పు బర్ఫీ ముక్క నోట్లో పెట్టారు. చూస్తుండగానే పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి పీల్చుకుంటుంటే గొంతులోంచి పిల్లిపిల్ల అరుపులాంటి చప్పుడు. పెళ్లి బట్టల్తోనే ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్ల దక్కింది. “ఈసారి ఇంతకంటే గట్టిగా రావచ్చు. పప్పు ఒక్కటే కాదు, దాని పొడి కలిపిన స్వీట్లూ బిస్కెట్లూ కూడా తగలనివ్వకండి” అని డాక్టరు మరీ మరీ చెప్పి, ఎప్పుడూ పిల్ల వెంట ఉంచమని మందులు రాసిచ్చాడు.

అందులో వింతేమిటంటే కుసుమ పుట్టిల్లు జీడిపప్పుకి పేరుపడ్డ పలాస పక్కన. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టి పిల్లల్ని పెంచింది. అత్త గంగాలమ్మ సందు దొరికితే చాలు, “సేప కడుపున పుట్టి నీళ్లు పడవన్నట్టుందే నీ కూతురి యవ్వారం!” అనేది.

కుసుమ ఏడో తరగతితో బడి మానేసింది. ఇంగ్లీషు చదవడం రాదనే చెప్పాలి. అయినా జీడిపప్పుకి ఇంగ్లీషులో ఏ అక్షరాలుంటాయో, ఏ వరసలో ఉంటాయో, బస్సు నంబరు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంది. కొట్లో బిస్కెట్టు ప్యాకెట్టు తీస్తే ముందు వెనక్కి తిప్పి, చీమల బారులాంటి ఆ అక్షరాల వెంట వేలు నడిపిస్తుంది. కొట్టతను దండం పెట్టేవాడు. “అమ్మా, పరీచ్చకి సదువుతన్నావా, బిస్కెట్లు కొంతన్నావా?”

అలాంటి మనిషికి ఆ రోజు ఏం పని పడిందో చూడండి. నిరుడు పంచిన ప్యాకెట్ల కవర్లన్నీ వానకి కొట్టుకొచ్చి కాలవకి అడ్డం పడ్డాయి. మురుగు నీళ్లు ఎదురు తన్ని ఇళ్లలోకొచ్చాయి. ఆ వీధి ఆడవాళ్లు పెట్టిన శాపనార్థాలు గ్యాంగు వాళ్లకి ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అందుకని ఈ ఏడు ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఒక్క కవరు కూడా జనం చేతికి పోకూడదు. ప్యాకెట్లన్నీ టెంటులోనే విప్పి బేసిన్లో పోసి, ఆకు దొన్నెల్లో పెట్టి ఇవ్వాలి. ఆ విప్పే పని కుసుమ మీద పడింది.

తెచ్చిన అట్టపెట్టెలన్నిట్లో ఒక్కో ప్యాకెట్టు తీసి, తిప్పి, వేలు పెట్టి చూసుకుంది. అన్నీ మామూలు పాల బిస్కెట్లే. అప్పుడు గానీ విప్పలేదు.

పొద్దెక్కాక దీవెనమ్మ వెనక రోడ్డులో ఆటో దిగి వచ్చింది. అర్జునరావుతో పనిచేసే యోహాన్ భార్య. ఒక చంకలో అట్టపెట్టె, ఇంకో చేతిలో గొడుగు.

“మీ అన్న పంపించాడమ్మా. ఇవి కుకీసంట, బిస్కెట్ల కంటే గట్టివి. నాకూ ఏదో పని సెప్పు.”

“నువ్వు కూడానా అక్కా! ఇది అప్పన్న పని కదా, మీ పాస్టరు గారేటీ అనరా?”

“కొండ మీ అప్పన్నదే. ఈ నడిసే కాళ్లు ఎవులివే? అందులో సగం మా వీధోళ్లవే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో పెద్ద గుంపొకటి గోవింద కొడుతూ వచ్చిపడింది. కుసుమ మజ్జిగ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తింది. బేసిను అడుగంటుతుంటే దీవెనమ్మ తను తెచ్చిన పెట్టె విప్పి అందులో పోసేసింది. అందులో తప్పేముంది, అందరూ చేస్తున్న పనే కదా. కుసుమ వీపు అటు తిరిగి ఉంది.

మధ్యాహ్నానికి గంగాలమ్మ వచ్చింది. తెల్లవారుజామున నడక మొదలెట్టి, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, ఆ ఉప్పు చీరతోనే వచ్చేసింది. మజ్జిగ గటగటా తాగి, “ఏదే నా మనవరాలు? మిగిలిన దారి నాతో నడుత్తానంది, రమ్మను” అంది.

తొమ్మిదేళ్ల మధులత అప్పటికే చెప్పులు విప్పి, ఎర్ర చున్నీ నడుముకి బిగించి నిలబడింది.

“అత్తా, గుంట జాగర్త. దారిలో ఎవులేటి పెట్టినా తిననియ్యకు.”

“అదేటే ఆ మాట! అప్పన్న దారిలో పెట్టింది వద్దనకూడదు. వద్దంటే ఆయన్ని వద్దన్నట్టే. తీసుకుని పారేత్తే కళ్లు పోతాయి.”

కుసుమ అత్తతో వాదన పెట్టుకోలేదు. పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. “లతా, నా మాట ఇను. ఎవులిచ్చినా సరే, కవరు సదవకుండా నోట్లో ఎట్టకు. నీకు ఇంగ్లీసు బాగా వచ్చు కదా.”

“కవరు లేకపోతేనో?”

“లేకపోతే తినకు.”

“మరి వద్దనకూడదంట. పారీకూడదంట. అప్పుడు ఏటి సెయ్యాలి?”

మంచి ప్రశ్నే. కుసుమ జవాబు వెతుక్కునేలోపు ఇంకో గుంపు వచ్చింది. ఇరవై చేతులు ఒకేసారి ముందుకొచ్చాయి. ఆ తొక్కిసలాటలో కుసుమ దొన్నెలు నింపుతూ నింపుతూ, కదిలిపోతున్న కూతురి చేతిలో కూడా ఒకటి పెట్టింది. “ఇంద, కడుపు మాడ్చుకోకు. నడుత్తా తిను.”

మధులత దొన్నె వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. ఏదో అనబోయింది గానీ మామ్మ అప్పటికే చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరూ జనంలో కలిసిపోయారు.

గంట పైనే గడిచింది. రద్దీ కాస్త సర్దుకుంది. ఖాళీ బేసిను కడగడానికి ఎత్తితే దాని అడుగున తడికి అతుక్కుని ఒక కవరుంది. బంగారు రంగు కవరు, ముందు గోధుమ కంకి బొమ్మ. కుసుమ చెయ్యి అలవాటుగా దాన్ని తిప్పింది. వేలు అలవాటుగా చీమల బారు వెంట నడిచింది. మూడో వరసలో ఆగిపోయింది.

ఆ అక్షరాలే. ఆ వరసే.

“అక్కా! ఇది ఎక్కడిది?”

“నాను తెచ్చిన పెట్టెలోదే. ఏటైందే? ఆ మొగమేటి అలా పాలిపోయింది?”

“ఇవి ఈ బేసిన్లో పోసీసావా?”

దీవెనమ్మ తలూపింది. కుసుమ చేతిలో కవరు, కళ్ల ముందు ఆకు దొన్నె. దారిలో ఎవరో పెట్టలేదు. ఎవరెవరినో అనుమానించి, చివరికి తన చేత్తోనే పెట్టింది. పైగా తినమని చెప్పి మరీ పెట్టింది. అమ్మ ఇచ్చింది పిల్ల ఎందుకు తినదు?

“బావా! నాను సంపేసుకున్నాను బావా గుంటని!”

అర్జునరావు మజ్జిగ గరిటె వదిలేసి వచ్చాడు. విషయం విన్నాక ఈసారి నవ్వలేదు. తల్లికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. గంగాలమ్మ ఫోను నడుముకున్న సంచిలో ఉంటుంది, ఆమె చెవులు భజన పాటల్లో ఉంటాయి. ప్రదక్షిణ దారిలో బళ్లు వదలరు. “నాను ఎనక రోడ్డమ్మట బండేసుకుని గోపాలపట్నం పోయి ఎదురొత్తాను. నువ్వు నడిసి రా, దారిలో ఎవులినీ వదిలీకుండా సూసుకో” అని మందుల సంచి కోసం చెయ్యి చాచాడు. సంచి టెంటు కర్రకే వేలాడుతోంది. పిల్లతో పంపాల్సిన సంచి. కుసుమ అది చూసి నెత్తి కొట్టుకుంది.

“సంచి నాకిచ్చీ. గుంట ముందు నాకు కనబడితేనో?”

సంచి లాక్కుని కుసుమ పరుగులాంటి నడక మొదలెట్టింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎవరి భుజాలు తగిలితే వాళ్లని తోసుకుంటూ. వెనకే గొడుగు మూసి పట్టుకుని దీవెనమ్మ. “నా చేతులు పడిపోను! నాను సదూకోలేదే! ప్రభువా, పసిదాన్ని కాయి తండ్రీ” అని ఆమె ఒక పక్క, “అప్పన్నా, నా బుద్ధి గడ్డి తిన్నాది, దాన్ని ఏటీ సెయ్యకు” అని ఈమె ఒక పక్క. ఇద్దరు దేవుళ్లకీ ఒకే పని చెప్పారు. దారిలో ఎవరో మజ్జిగ గ్లాసు చాచి, “అమ్మా, ఆగి తాగి ఎల్లండి, అప్పన్న ఎక్కడికీ పోడు” అన్నారు. కుసుమ వినలేదు. ఎర్ర చున్నీ కనబడ్డ ప్రతిచోటా పిల్ల భుజం పట్టి తిప్పి చూసింది. ఎవరి పిల్లలో.

వాళ్లమ్మ మాట గుర్తొచ్చింది. జీడిపిక్క కొట్టేటప్పుడు దాని పాలు పడితే చేతులు కాలి పొక్కులొస్తాయి. “పప్పుకి ఇంత రుసి ఎందుకిచ్చాడో, పైన ఇంత విసం ఎందుకెట్టాడో” అనేది వాళ్లమ్మ. ఆ పొక్కుల చేతుల్తోనే అన్నం కలిపి పెట్టేది. తనెప్పుడూ పప్పుకి భయపడలేదు. ఇప్పుడు దాని పేరు రాసిన కాగితానికి వణుకుతోంది.

గోపాలపట్నం ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన మెడికల్ క్యాంపు. ఆ గుడారం నీడలో, అరుగు మీద, ఉప్పు చీర గంగాలమ్మ. ఆమె ఒళ్లో తలపెట్టి, కళ్లు మూసుకుని మధులత. పెదవులు ఎర్రగా, లావుగా.

కుసుమ అక్కడే ఆగిపోయింది. దీవెనమ్మే నడుం పట్టుకుని ముందుకు తోసింది.

“లతా! లతా, కళ్లు తెరవే! అత్తా, ఎంతసేపైంది ఇలాగ? ఊపిరాడతందా?”

గంగాలమ్మ ఉలిక్కిపడింది. “ఓలమ్మ! ఏటే ఆ కేకలు? నడిసి నడిసి ఇప్పుడే కునుకు తీసింది. ఎందుకు లేపుతావు?”

“పెదాలు సూడు! ఉబ్బిపోనాయి కాదేటి!”

మధులత కళ్లు నులుముకుంటూ లేచింది. నాలిక బయటపెట్టి పెదవులు తడుపుకుంది. నాలిక కూడా ఎర్రగానే ఉంది. “పుల్లైసు అమ్మా. అక్కడ అందరికీ ఇచ్చారు. దానికి కవరుంది. సదివే తిన్నాను.”

కుసుమ పిల్లని గుండెకి అదుముకుంది. ఆ పుల్లైసు రంగు తన జాకెట్టుకి అంటుకుంటున్నా పట్టించుకోలేదు. మామూలు రోజైతే ఆ రంగు మీదే అరగంట గొడవ జరిగేది.

ఈ కేకలకి క్యాంపులో ఉన్న డాక్టరమ్మ వచ్చింది. దీవెనమ్మ గబగబా సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి నోరు తెరిపించింది, గొంతులో లైటు వేసింది, వీపు మీద గొట్టం పెట్టి వింది, చేతులూ పొట్టా తిప్పి చూసింది.

“గొంతు బాగుంది. దద్దుర్లు లేవు. ఊపిరి శుభ్రంగా ఉంది. ప్రస్తుతానికి భయం లేదమ్మా, ముందు మీరు కూర్చోండి, పడిపోయేట్టున్నారు.”

కుసుమ కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే పొద్దుటినుంచీ మోసిన బరువు సగం నేల మీద దిగింది. దీవెనమ్మ గొడుగుతో విసరడం మొదలెట్టింది. మూసిన గొడుగుతో విసిరితే గాలేం వస్తుంది, అయినా హాయిగానే ఉంది.

“ఒక్కటే తేలాలి,” అంది డాక్టరమ్మ. “ఆ బిస్కెట్లు తినకపోతే గొడవే లేదు, ఇంటికి తీసుకుపోండి. తినుంటే మాత్రం బాగానే ఉంది కదా అని వదలకూడదు. ఆసుపత్రిలో కాసేపు ఉంచి చూడాలి. తిన్నదా, లేదా?”

“తినీసింది,” అంది గంగాలమ్మ. “నాను సూడలేదేటి? టెంటు దగ్గర దొన్నె నిండా ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి దొన్నె ఖాళీ.”

అప్పుడే అర్జునరావు చెమటలు కక్కుతూ వచ్చాడు. పిల్ల బల్ల మీద కాళ్లూపుతూ కూర్చుని ఉండడం చూసి, గుడారం కర్ర పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి కూతురి తల నిమిరాడు. “తిన్నావా అమ్మా? తింటే సెప్పు, కోప్పడను. బండి ఉంది, ఎల్లిపోదాం.”

మధులత కాళ్లూపడం ఆపేసింది. తల దించుకుంది.

“సెప్పవే లతా,” అంది కుసుమ. “ఎన్ని తిన్నావు?”

మధులత మామ్మ వైపు ఒకసారి దొంగచూపు చూసి, మళ్లీ తల దించేసుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. బయట గోవింద నామం దగ్గరికొచ్చి, దాటి, దూరమైపోయింది. డాక్టరమ్మ చేతి గడియారం చూసుకోలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. గంగాలమ్మ నోరు తెరవబోతే దీవెనమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. కుసుమ పిల్ల ఊపిరి వింటూ ఉంది. ఆ ఊపిరి చక్కగా, చప్పుడు లేకుండా వచ్చిపోతూ ఉంది. ఏం చెప్పినా సరే, ఇలా కూర్చుని ఉంటే చాలనుకుంది.

“లతా,” అంది మెల్లిగా, “ఎవులూ నిన్నేటీ అనరు. నా మీద ఒట్టు.”

మధులత కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా కళ్లు పోతాయా మామ్మా?”

“ఎందుకు పోతాయే?”

“పారీలేదు. నాను పారీలేదు. నువ్వు దండం ఎట్టమన్నావు కదా, మొక్కుబడి దూడ. పసుపు రాసి మెళ్లో గంట కట్టి, అప్పన్నకి ఇచ్చీడానికి తీసుకెళ్తన్నారు కదా.” పిల్ల గుటక మింగింది. “నువ్వు దండం ఎట్టుకుంటన్నప్పుడు దానికి పెట్టీసాను. అన్నీ అదే తిన్నాది. దొన్నె కూడా తినీసేదే, లాక్కున్నాను.”

గంగాలమ్మ రెండు చేతులూ ఎత్తి కొండ వైపు దండం పెట్టింది. “ఆయన బిస్కెట్టు ఆయన దూడే తిన్నాదా! నీ కళ్లు సల్లగా ఉంటాయే తల్లీ!” అర్జునరావు అరుగు మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. దీవెనమ్మ “స్తోత్రం, స్తోత్రం” అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. డాక్టరమ్మ మెళ్లో గొట్టం సర్దుకుని, “ఇంటికెళ్లండి, ఆ సంచి మాత్రం ఇకనుంచి పిల్లతోనే ఉంచండి” అంది.

కుసుమకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కూతురి రెండు చెంపలూ పట్టుకుంది.

“అది కాదే పిచ్చిదానా, మిగతావోళ్లు ఇచ్చింది తినకపోతే సరే. నాను ఇచ్చాను కదే! అమ్మ సేత్తో ఇచ్చింది కూడా తినలేదేటి?”

మధులత ముక్కు చీదుకుంది. అంత చిన్న సంగతి కూడా అమ్మకి తెలీదా అన్నట్టు చూసింది.

“కవరు లేదు కదమ్మా. ఎవులిచ్చినా తినొద్దన్నావు. ఎవులిచ్చినా అంటే నువ్విచ్చినా అనే కదా?”